చదువుకున్నవారు అని ఎవరిని అనాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కర్నూలులో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. మా నాయన మూడో తరగతితో బడి మానేసి సేద్యంలోకి దిగినవారు. సంతకం చేయగలరు గాని పత్రిక చదవలేరు. ఈ మధ్య నన్ను చూడడానికి వచ్చినవారు ‘మీ నాయన ఏం చదివారమ్మా?’ అని అడిగితే, ‘ఆయన చదువుకోలేదు’ అని చెప్పాను. నాయన పక్కనే కూర్చుని ఉన్నారు, ఏమీ అనలేదు. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే, పోయిన తొలకరిలో విత్తనానికి శనక్కాయలు తెచ్చినప్పుడు ఒక సంగతి జరిగింది. సంచులకు ధ్రువీకరణ చీటీ ఉంది. అయినా నాయన వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో పరిచి, చుట్ట చుట్టి, నీళ్ల తొట్టి పక్కన నీడన పెట్టారు. ‘చీటీ ఉంది కదా నాయనా, అనుమానం దేనికి?’ అన్నాను. ‘భూమిలో వేసేది చీటీని కాదు కదా పాపా’ అన్నారు. ఆరో రోజున విప్పి చూస్తే యాభై ఎనిమిదే మొలిచాయి. సంచులు దుకాణానికి తిరిగి ఇచ్చి వేరేవి తెచ్చుకున్నాం. ఈ మొలక పరీక్షను నేను ఏటా విద్యార్థులతో చేయిస్తాను. మా ఇంటి విత్తనానికి చేయాలని మాత్రం నాకు తోచలేదు. మా ఇంట్లో చదువుకున్నది ఎవరు? అసలు చదువుకున్న మనిషి అంటే అర్థం ఏమిటి?
– ఒక పాఠకురాలు, పత్తికొండ ప్రాంతం

సమాధానం: అమ్మా, మీ నాయనే అసలైన విద్యావంతుడు, మీ పట్టాలన్నీ వట్టి కాగితాలు అని రాసేస్తే చదివేవారికి ఇంపుగానే ఉంటుంది. నేను అలా రాయలేను. అందులో ఉన్నది సగం నిజమే, ఆ సగం నిజంతో మీకు మేలు జరగదు, మీ నాయనకు గౌరవమూ దక్కదు.

మొదట ఆయన చేసిన పనిని దగ్గరగా చూద్దాం. ఆయన ఒక గింజను కొరికి చూసి ‘ఇది మొలవదు’ అని తేల్చలేదు. వంద లెక్కపెట్టారు, ఎందుకంటే పది గింజలతో చేసిన పరీక్ష మోసం చేస్తుందని ఆయనకు తెలుసు. తడి ఆరకుండా చూసుకున్నారు. ఆత్రపడి మూడో రోజునే విప్పలేదు. వచ్చిన లెక్కను, ఎంత మొలిస్తే సాళ్లు నిండుతాయో తాను ఇన్నేళ్లుగా చూసిన దానితో పోల్చుకున్నారు. వేరుశనగ ధ్రువీకృత విత్తనానికి నియమాలు కోరే కనీస మొలక నూటికి 70. ఆ అంకెను ఆయన ఎక్కడా చదివి ఉండకపోవచ్చు, కాని యాభై ఎనిమిది చాలదని తెలుసుకోవడానికి ఆయనకు ఆ అంకె అవసరం కాలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫలితం తెలిశాక దాని ప్రకారం నడుచుకున్నారు. సంచులు మళ్లీ బండికెత్తి దుకాణం దాకా మోసుకుపోవడం, అక్కడ వాదించడం ఎంత విసుగు పుట్టించే పనో మీకు తెలుసు. చాలామంది ‘ఏదో ఒకటి, దేవుడి మీద భారం’ అని విత్తేస్తారు.

చదువు అనే మాటకు నా మనసులో ఉన్న అర్థంలో పెద్ద భాగం ఇదే: ఒక మాట మీద మన బతుకో ఎదుటివారి బతుకో ఆధారపడి ఉన్నప్పుడు, ఆ మాటను ఒప్పుకునే ముందు పరీక్షించాలన్న బాధ్యత తెలియడం. అన్నిటినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. బస్సు ఎక్కిన ప్రతిసారీ డ్రైవరు లైసెన్సు అడగలేం, వైద్యుడు రాసిన ప్రతి మాత్రనూ ప్రయోగశాలకు పంపలేం. పరీక్షించడం మన చేతిలో ఉండి, పరీక్షించకపోతే నష్టం పెద్దదయ్యే చోటు ఏదో గుర్తుపట్టడమే ఇక్కడ విద్య. మీ నాయన ఆ చోటును గుర్తుపట్టారు. మీరు ఆ పరీక్షను తరగతి గదికి చెందినదిగా మాత్రమే చూశారు. ఈ పొరపాటు మీ ఒక్కరిది కాదు. పాఠం ఒక గదిలోనూ బతుకు మరొక గదిలోనూ పెట్టుకుని, మధ్య తలుపు ఎన్నడూ తెరవకుండానే పాఠాలు చెప్పే మాలో చాలామందిమి ఉద్యోగ విరమణ దాకా వచ్చేశాం.

ఇక రెండో సగం. ఆ నీలిరంగు చీటీ మీద విత్తన రకం, లాటు సంఖ్య, పరీక్ష జరిపిన తేదీ, ఏ తేదీ వరకు చెల్లుతుందో అన్నీ ఉంటాయి. మీ నాయన ఆ చీటీని నమ్మలేదు, నిజమే. కాని ఆయన దాన్ని చదవనూ లేకపోయారు. విత్తనం పరీక్ష నాటికి బాగానే ఉండి, తరువాత వేడికీ చెమ్మకూ గురైన గోదాములో దెబ్బతిని ఉండవచ్చు. వేరుశనగ నూనెగింజ కాబట్టి నిల్వలో తొందరగా జీవం కోల్పోతుందని మీకు తెలుసు. అలాంటప్పుడు చీటీలో అబద్ధం లేకపోవచ్చు, తప్పు నిల్వలో ఉండవచ్చు. గోనెపట్టా ఎన్ని మొలవలేదో చెప్పింది. ఎందుకు మొలవలేదో, వచ్చే ఏడు కాయలను ఎలా దాచుకుంటే ఈ బాధ తప్పుతుందో చెప్పగలిగింది మీరు. ఆ మాట మీరు ఆయనకు చెప్పారా? మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు.

అక్షరం రాకపోవడాన్ని గొప్పతనంగా చూపే రాతలంటే నాకు భయం. ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల నాటి మాట, అనంతపురంలో మా వీధిలో పాలు పోసే పెద్దాయన ఒకరు మూడు ఎకరాల చేను కొంటూ, దస్తావేజుకు సాక్షి సంతకం పెట్టమని నన్ను పిలుచుకుని పోయారు. రిజిస్ట్రారు కార్యాలయం ముందు చింతచెట్టు కింద దస్తావేజు లేఖరి రాసి ఉంచిన కాగితాన్ని నా చేతికి ఇచ్చి, ‘అంతా సరిగ్గా ఉండాదా అయ్యవారూ, ఒక తూరి చూడండి’ అన్నారు. అప్పటికే పదకొండు దాటింది, నాకు పన్నెండింటికి తరగతి ఉంది. పేర్లు, విస్తీర్ణం, సొమ్ము చూసి, చెక్కుబంది, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరం, దగ్గరికి వచ్చేసరికి కళ్లు దాటవేసి, ‘ఉంది’ అన్నాను. ఆయన వేలిముద్ర వేశారు. తూర్పు హద్దున ఉండవలసిన బండిబాటకు బదులు పక్క రైతు చేను అని పడింది. రెండేళ్ల తరువాత ఆ పక్క చేను చేతులు మారి, కొత్తవారు బాటకు కంప కొట్టారు. సవరణ దస్తావేజుకు అమ్మినవారు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి, వారు పెట్టలేదు. ఆరేళ్లు తిరిగి, చివరికి పెద్దమనుషుల దగ్గర రాజీపడి, తన చేలోకి తాను పోవడానికి ఆయన డబ్బు కట్టవలసి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీకు పనుల తొందర, నాకు కండ్లు లేకపాయె’ అన్నారు.

ఆ కార్యాలయం ముందు ఆ పూట ఇద్దరం ఉన్నాం. ఏం అడగాలో ఆయనకు తెలుసు, చదవడం తెలియదు. నాకు చదవడం తెలుసు, చదవకుండానే ‘ఉంది’ అన్నాను. ఆయనకు లేనిది అక్షరం, నాకు లేనిది చదువు. అయినా నష్టపోయింది అక్షరం లేని మనిషే అన్నది మరిచిపోకూడదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఏడేళ్లు నిండిన ప్రతి పదిమందిలో నలుగురు, మరొకరు ‘ఉంది’ అంటే ఉందని నమ్మవలసిన స్థితిలో ఉన్నారని ఆ లెక్కకు అర్థం. అందుకే, చదవగలిగినవారి మాటకు ఈ సీమలో బరువు ఎక్కువ, బాధ్యతా ఎక్కువే.

మీ పల్లెకు దగ్గరలోనే, పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. చూడకపోతే మీ నాయనను తీసుకుని ఒకసారి వెళ్లి రండి. అక్కడి ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, మడక సాలు చివర తిరిగి వచ్చినట్టు చెక్కి ఉంటాయి. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ చూపాలి, సత్యం పలకాలి, శిష్యుడు గురువును గౌరవించాలి అని అందులో ఉంది. ఈ సంగతులను తమ శిష్యులకు నేర్పవలసినవారుగా బ్రాహ్మణులతోపాటు ఏనుగులు నడిపేవారిని, లేఖకులను, రథవిద్య నేర్పేవారిని కూడా ఆ శాసనం ఒకే వరసలో చెబుతుంది. ఏనుగు మావటికీ శిష్యులుండేవారు, అతడూ గురువే. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన ఆ బండ మీద, విద్య అంటే అక్షరం ఒక్కటే అన్న భావం లేదు. అక్షరం అక్కర్లేదన్న భావమూ లేదు, ఎంతైనా అది రాసి ఉంచిన మాట.

మీరు అడగకపోయినా ఒక మాట చెబుతాను. మీ నాయన ముందు అన్న మాటను మీ నాయన ముందే సరిదిద్దుకోండి. ఇంకోసారి ఎవరైనా అడిగితే, ‘మూడో తరగతి దాకా బడికి వెళ్లారు, ఆ తరువాత నేర్చింది సేద్యం’ అని చెప్పండి. అది జాలితో చెప్పే మాట కాదు, ఉన్న సంగతి. సంతకం చేయగలిగిన మనిషికి ఆ చీటీ మీది అంకెలు, తేదీలు చదవడం నేర్పడానికి మీకు నెల పట్టదు. ఈసారి సంచులు తెచ్చినప్పుడు చీటీని ఆయన చదవాలి, గోనెపట్టాను మీరు చుట్టాలి.

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తిచేశాను. మార్కులు బాగానే వచ్చాయి. అన్నీ కంఠతా పట్టి రాసినవే. ఇంట్లో అందరూ ‘మావాడు చదువుకున్నవాడు’ అని చెప్పుకుంటుంటే, నాకు ఏమీ రాదన్న సంగతి బయటపడుతుందేమోనని భయంగా ఉంటుంది. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: నాయనా, ఈ జబ్బు మీతో మొదలైంది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను కోరినప్పుడు, మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు క్యాంబెల్ రాసిన నివేదిక ఒకటి ఉంది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనిదే, 1882లో గాని విడిపడలేదు. 9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు అని ఆయన లెక్క రాశారు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పుతూ తామూ గట్టిపడడాన్ని ఎంతో మెచ్చుకున్నారు. అయితే ఆ పిల్లలు వందల పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతారనీ, వాటి అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే వారికి తెలుసుననీ బాధపడ్డారు. ఆ పద్యాల భాష వారు ఇంట్లో మాట్లాడే భాష కాదు. ఇవాళ పద్యాల స్థానంలో ఇంగ్లీషు పేరాలు వచ్చాయి. ‘చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ’ అన్న సామెతను మనవాళ్లు ఊరికే పుట్టించలేదు.

మీకు ఏమీ రాదన్నది నిజం కాదు. మీకు సూత్రాలు వచ్చు, అవి ఇంకా దేనికీ తగులుకోలేదు, అంతే. ఒక్క సంగతి పట్టుకుని అడుగుదాకా వెళ్లండి. మీ చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం బోరు మోటార్లు ఎన్ని కాలిపోతాయో మీకు తెలుసు. వైండింగ్ చేసే మెకానిక్ దగ్గరికి వెళ్లి, కాలిన మోటారు విప్పుతుండగా పక్కన కూర్చోండి. ‘లో వోల్టేజికి కాలింది’ అని ఆయన అంటాడు. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా, కాలడం ఎందుకు? పరీక్షలో మీరు రాసిన జవాబే ఇక్కడ పనికొస్తుంది. పైకి ఎత్తవలసిన నీటి బరువు తగ్గలేదు, కాబట్టి మోటారు అదే పని చేయడానికి కొంచెం వేగం తగ్గి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆంపియర్లు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లవుతుంది, తీగ మీది పూత కరుగుతుంది. ఒక ఫేజు పోయినప్పుడు కాలే తీరు దీనికి భిన్నంగా ఉంటుంది, ఏ చుట్లు నల్లబడ్డాయో చూసి మెకానిక్ చెప్పగలడు. ఎందుకు అలా నల్లబడ్డాయో మీరు కాగితం మీద గీసి చూపగలగాలి.

ఇది రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ తడబడతారో అక్కడ మీకు అర్థం కాలేదని లెక్క. అక్కడికి పుస్తకం తీసుకుని మళ్లీ వెళ్లండి. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి ఆయన వయసు 21, చక్కగా తెలుగు నేర్చుకోవడానికి చేతిలో సరైన నిఘంటువు లేదు. పండితులను జీతమిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు దిద్దించారు. ఆయన కూర్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో గాని వెలువడలేదు. ఆయన బంగళా ఉన్న చోట ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ప్రొద్దుటూరు నుంచి కడప ఎంతో దూరం లేదు. నేర్చుకోవడం ఎంత నిదానమైన పనో అక్కడి బల్లల దగ్గర ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. మీ భయం గురించి నాకు దిగులు లేదు. రానిదాన్ని రాదని గుర్తించిన మనిషి, వచ్చునని నమ్మి నాలాగా సాక్షి సంతకాలు పెట్టే మనిషి కన్నా ఎంతో ముందున్నాడు.

ప్రశ్న: నాకు అరవై ఏళ్లు. బడి మొహం చూడలేదు. ఇప్పుడు చదవడం నేర్చుకోవాలని ఉంది. ఈ ఉత్తరం మా మనవడు రాస్తున్నాడు. ఈ వయసులో ఏం పెద్ద చదువుకున్నదాన్ని అవుతానని ఇంట్లో అంటున్నారు. 
– ఒక అవ్వ, కమలాపురం

సమాధానం: అవ్వా, తప్పకుండా నేర్చుకోండి. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాల కోసం, పెద్దవాళ్ల చదువు కోసం జీవితంలో ఎక్కువ భాగం పాటుపడ్డారు. మీలాంటివారి కోసమే ఆ పాటు. పైన రాసిన పాతకాలపు బడి పద్ధతి మీ ఇంట్లోనే కుదురుతుంది: మనవడు మీకు నేర్పితే వాడికీ గట్టిపడుతుంది. వాడు అ, ఆలు మొత్తం అయ్యేదాకా ఆపితే ఒప్పుకోకండి. మీ పేరుతో మొదలుపెట్టమనండి, తరువాత మీ పింఛను పుస్తకంలోని అంకెలు, ఆ తరువాత బస్సు బోర్డులు. కడప, కమలాపురం, కలసపాడు మూడూ ‘క’తోనే మొదలవుతాయి కాబట్టి మొదట్లో తికమకగా ఉంటుంది. రెండో అక్షరం మీద కన్ను నిలపండి. డ, మ, ల. ఈ మూడూ వేరుచేయగలిగి, ఎవరినీ అడగకుండా మీ బస్సు మీరు ఎక్కిన రోజున మాకు కబురు చేయండి.